పిల్లికి ఒడి కాదు, క్యారియర్ కావాలి

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ దారి పట్టే కార్లలో ఈమధ్య పిల్లులూ కనిపిస్తున్నాయి. ఇంట్లో మనిషిలా పెంచుకున్న ప్రాణాన్ని వెంట తీసుకెళ్లాలనుకోవడం మంచి మనసే. కానీ దాన్ని ఒళ్లో పెట్టుకుని వెళ్లడం ప్రమాదం. పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన బండ్ల మధ్య ఒక్క హారన్ గట్టిగా మోగితే చాలు, బెదిరిన పిల్లి బ్రేకు పెడల్ కిందికి దూరుతుంది, అద్దం దించి ఉంటే బయటికే దూకుతుంది. కొత్త చోట తప్పిపోయిన పిల్లి పిలిచినా పలకదు, భయంతో ఏ మూలో నక్కి ఉంటుంది. అందుకే గాలి ఆడే గట్టి క్యారియర్ ఉండి తీరాలి. రెండు మూడు వారాల ముందే దాన్ని హాల్లో తలుపు తీసి ఉంచి, లోపల పిల్లి రోజూ పడుకునే పాత దుప్పటి పరిస్తే మెల్లగా అలవాటు పడుతుంది. బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందు నుంచి తిండి ఆపితే వాంతుల బెడద తగ్గుతుంది, నీళ్లు మాత్రం ఆపకూడదు. దారిలో అది నోరు తెరిచి రొప్పుతుంటే ఆపదకు గుర్తు, వెంటనే చల్లబరిచి పశువైద్యుణ్ని సంప్రదించాలి. టిఫిన్‌కి ఆగినప్పుడు ఎండలో కారుకు తాళం వేసి దాన్ని లోపల వదిలేయడం క్షమించరాని పని. ఇంత శ్రద్ధ పెట్టలేకపోతే, రెండు రోజుల పండక్కి పిల్లిని ఇంట్లోనే ఉంచి, పూటపూటా వచ్చి తిండి పెట్టి కాసేపు దాని దగ్గర కూర్చునే పొరుగువాళ్లకు తాళంచెవి ఇవ్వండి. మన సరదా కంటే దాని నెమ్మదే ముఖ్యం.