సంతకానికి ముందే ప్లీడరు

ఇద్దరికీ ఇష్టమైన విడాకులకి ప్లీడరెందుకు, చేతిలో ఏమీ మిగలనివాడికి కోర్టెందుకు అన్న వాదన పైకి సబబుగానే తోస్తుంది. నేను దీనికి పూర్తిగా ఎదురు. పోట్లాడుకునే కేసులో ఎదుటి ప్లీడరు ప్రతి కాగితాన్నీ జల్లెడ పడతాడు. తగువు లేని కేసులో ఆ పని చేసేవాడే ఉండడు. తప్పు రాసుకున్నా ఎవరూ అడ్డు చెప్పరు, తర్వాత దాన్ని దిద్దుకోవడం మహా కష్టం.

ముందు ఐపీ (దివాలా పిటిషన్) సంగతి. వ్యక్తుల దివాలాకి 2016 నాటి చట్టంలో కొత్త పద్ధతి రాశారు. ఏడాదికి 60 వేలు మించని ఆదాయం, 35 వేలు మించని అప్పు ఉన్న నిరుపేదలకి మాఫీ దారి కూడా అందులో పెట్టారు. కానీ 2019 డిసెంబరులో అమల్లోకి తెచ్చింది కంపెనీల అప్పులకి హామీ ఉన్నవారి వరకే. కొత్తవలసలో కిరాణా కొట్టు దివాలా తీసినా, కౌలురైతు మునిగినా దిక్కు ఇంకా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. పిటిషన్ వేసినంత మాత్రాన అప్పు పోదు. కోర్టు దివాలాదారుగా ప్రకటించాక ఆస్తి రిసీవరు చేతికి పోతుంది. గడువులోగా డిశ్చార్జి కోరకపోతే ఆ ప్రకటనే రద్దు కావచ్చు. ఊరికే ఇల్లు భార్య పేర రాసేసినా, రెండేళ్లలోపు ఐపీ పడి కోర్టు దివాలా ప్రకటిస్తే ఆ రాతని కొట్టేయించొచ్చు.

డిశ్చార్జితోనూ పోని బాకీలున్నాయి: ప్రభుత్వానికి కట్టాల్సినవి, మోసంతో చేసినవి, క్రిమినల్ ప్రొసీజర్ చట్టం కింద కోర్టు వేసిన మనోవర్తి. దివాలా, విడాకులు ఒకదాన్నొకటి తగులుకునేది ఇక్కడే. హిందూ వివాహ చట్టంలో 1976లో చేరిన 13బీ కింద ఏడాది విడిగా ఉన్న జంట కలిసి పిటిషన్ వేస్తుంది. ఆ తర్వాతి ఆరు నెలల గడువుని కోర్టు సడలించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. పని తేలికైన కొద్దీ ఒప్పందం రాత మీద చూపు తగ్గుతుంది. విడిపోయేటప్పుడు భర్త ‘ఇస్తాను’ అని రాసిన మొత్తానికి, రేపు అతను ఐపీ పెడితే, మనోవర్తి ఆర్డరుకున్న రక్షణే దొరుకుతుందన్న భరోసా లేదు. ఇద్దరి సంతకాలతో తీసుకున్న ఇంటి అప్పు ‘అంతా భర్తదే’ అని రాసుకున్నా బ్యాంకు ఆ ఒప్పందంలో లేదు. అది భార్యనీ అడుగుతుంది. ఆమె కట్టి భర్త నుంచి రాబట్టుకుందామనుకునేసరికి అతను దివాలాదారైతే, మిగతా అప్పులవాళ్ల వరసలో ఆమె కూడా నిలబడాలి.

పెద్దలు పంచాయితీ పెట్టి స్టాంపు కాగితం రాయిస్తే చాలదా? కులాచారం ప్రకారం జరిగే విడాకుల్ని చట్టం గుర్తిస్తుంది, నిజమే. అయితే ఆ ఆచారం ఉందని రుజువు చెయ్యాల్సింది ఆ కాగితం పట్టుకొచ్చినవాళ్లే. రుజువు కాకపోతే మారుమనువు రెండో పెళ్లి కేసవుతుంది. ఫ్యామిలీ కోర్టులో ప్లీడరుండటం హక్కు కాదని 1984 చట్టమే అంటోంది కదా అనేవారూ ఉన్నారు. ఆ మాట కోర్టులో వాదించడం గురించి. కోర్టుకి వెళ్లేముందు సలహా తీసుకోవద్దని కాదు. ప్లీడర్లు కేసుల్ని సాగదీస్తారన్న ఫిర్యాదుని మాత్రం నేను కొట్టిపారెయ్యను. ఫీజు ముందే రాయించుకోవాలి. ఖర్చు కలిసొస్తుందని ఇద్దరూ ఒకే ప్లీడర్ని పెట్టుకోవడం అంతకన్నా చేటు: ఇంటి అప్పు ఎవరి నెత్తినన్న దగ్గర అతను ఎవరి పక్షం? ఫీజే అడ్డమైతే, 1987 చట్టం కింద ఆడవాళ్లకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది. విజయనగరంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేసినా చాలు. అప్పు నుంచి భార్య పేరు తీయించడం లాంటివి డిక్రీకి ముందే అడగాలి. అప్పటిదాకా ఎవరైనా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి బేరానికి బలం ఉండేది కూడా అంతవరకే.