ఖల్లివెల్లి కథకు బొమ్మలు కావాలి

శత్రు శిబిరం నుంచి తప్పించుకున్న ఖైదీలు కొండలు, ఎడారులు దాటి సొంత గడ్డకు చేరుకునే కథలంటే యుద్ధ కామిక్స్ చదివేవాళ్లకు ప్రాణం. బ్రిటన్‌లో 1961లో మొదలైన ‘కమాండో’ పుస్తకాలు అలాంటి సాహసాలు చెబుతూ ఒక తరాన్ని పెంచాయి. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలు ఆ కథ కోసం ఐరోపా దాకా పోనక్కర్లేదు. గల్ఫ్‌కు కూలికి పోయివచ్చిన వాళ్ల తాతలను, బాపులను అడిగితే చాలు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో చొరబడింది. పనులు ఆగిపోయాయి, దాచుకున్న దినార్లకు విలువ లేకుండా పోయింది. అక్కడ పనిచేసే వేలాది మంది మనవాళ్లు మూటాముల్లె సర్దుకొని బస్సుల్లో, లారీల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరారు. అక్కడ ఎడారిలో గుడారాలు, నీళ్లకూ రొట్టెలకూ బారులు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా సుమారు రెండు నెలలు విమానాలు నడిపి, లక్ష మందికి పైగా భారతీయులను ఇల్లు చేర్చింది. ఈ తరలింపు మీద 2016లో వచ్చిన ‘ఎయిర్‌లిఫ్ట్’ సినిమాలో నాయకుడు సంపన్న వ్యాపారి. నా బాధ అదే. ఆ బారుల్లో నిలబడ్డ మేస్త్రీ, డ్రైవరు, వంటమనిషి ఎప్పుడు నాయకులవుతారు?

యుద్ధం ముగిసినా గల్ఫ్‌లో పారిపోవడాలు ఆగలేదు. పాస్‌పోర్టు కఫీల్ (పని ఇచ్చిన యజమాని) దగ్గర, జీతం నెలల తరబడి బాకీ. ఓర్చుకోలేక ఒక రాత్రి బయటపడితే ఇక అతను ఖల్లివెల్లి, అంటే యజమానిని వదిలి కాగితాల్లేకుండా బతికే కూలీ. దొరికిన కూలి చేయాలి, పోలీసుల కంట పడకూడదు, జ్వరమొచ్చినా దవాఖానకు పోవడానికి జంకాలి. శిక్ష లేకుండా ఇంటికి పోనిచ్చే ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) కోసం ఎదురుచూడాలి. యూఏఈ 2018లో, మళ్లీ 2024లో అలా గడువిచ్చింది. పాస్‌పోర్టు బదులు ఇచ్చే ఔట్‌పాస్ చేతబట్టుకొని శంషాబాద్‌లో దిగేసరికి ఊళ్లో అప్పుకు మిత్తి ఎంత పెరిగిందోనన్న దిగులు.

ఇంత బరువును బొమ్మల పుస్తకం మోయగలదా అనేవారికి ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’ జవాబు. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ తండ్రి జ్ఞాపకాలను బొమ్మల్లో చెప్పిన ఆ పుస్తకానికి 1992లో ప్రత్యేక పులిట్జర్ దక్కింది. అసలు మనకిది కొత్తదా? పటం కథలు చెప్పే కూనపులివారు నకాశీ చిత్రకారులు గీసిన పటాన్ని గడి తర్వాత గడి విప్పుతూ, నేతపని చేసే పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు. నేతన్నల సిరిసిల్లకు బొమ్మల్లో కథ వినడం తాతల నాటి అలవాటే.

1990లో పాతికేళ్లున్నవారికి ఇప్పుడు అరవై దాటాయి. మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే వాళ్లు చెప్పేది ఫోన్లో రికార్డు చేయండి. బొమ్మలు వేసే పిల్లలుంటే ఆ మాటలు వాళ్లకివ్వండి. ఖల్లివెల్లిగా బతికినవారి పేర్లు మార్చండి, ఊళ్ల పేర్లు మాత్రం ఉంచండి. అచ్చు ఖర్చు జిల్లా గ్రంథాలయ సంస్థలు భరించాలి. మొదటి ప్రతులు ఈ మూడు పట్టణాల సర్కారు బడులకు చేరాలి.