కత్తిని ఒరలో పెట్టు



2022 నవంబరు 22న మన చండ్రుగొండ మండలంలో, పోడు తగాదాలో, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావు గారిని కొడవళ్లతో నరికి చంపారు. ఆ తర్వాత అటవీ సిబ్బంది తమకు తుపాకులు ఇవ్వమని అడిగారు. వారి భయం మాకు అర్థమవుతుంది.

1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోకూడదు. 2019 సవరణ తర్వాత లైసెన్సున్నా రెండుకు మించకూడదు. "కొడవలికి లైసెన్సు అక్కర్లేదుగా, చట్టం ఏం ఆపింది?" అంటారు కొందరు. ఆ రోజు అక్కడ ఇరువైపులా తుపాకులుంటే ఒక్క ప్రాణంతో ఆగేదా? అందుకే చట్టం గట్టిగానే ఉండాలంటాం.

అయినా కయీనుకు తుపాకి లేదు, పగ ఉంది. పగను ఏ చట్టమూ జప్తు చేయలేదు. పేతురును కత్తి ఒరలో పెట్టమన్న ప్రభువు, తెగిన చెవినీ బాగుచేశాడు. మన గూడేల్లో పోడు తగాదా కొడవలి దాకా రాకముందే ఇరువైపుల వారినీ కూర్చోబెడదాం. ఈ ఆదివారం ఆఫీసర్ గారి కుటుంబం కోసం, శిక్ష పడిన ఇద్దరి కోసం కలిసి ప్రార్థిద్దాం.