స్థలానికి ధర ఉంది.. మరి కార్మికుడి లెక్కో?

వాహనాల ఫ్యాక్టరీ మూతపడితే ఆ స్థలంలో ఏం రావాలి? అపార్ట్‌మెంట్లా, ఆఫీసులా, మళ్లీ ఫ్యాక్టరీయేనా? దేశంలో రెండు అనుభవాలు కళ్లముందే ఉన్నాయి.

మొదటిది పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా. అంబాసిడర్ కారు తయారైన హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీ అక్కడిదే. అమ్మకాలు పడిపోయాక 2007లో కంపెనీ 314 ఎకరాలను ఓ రియల్ ఎస్టేట్ సంస్థకు అమ్మింది. ఆ డబ్బుతో ఫ్యాక్టరీ కోలుకుంటుందన్నారు. కోలుకోలేదు. 2014 మే 24న గేటుకు నోటీసు పడింది. అందులో ఉన్నది ‘మూసివేత’ కాదు, ‘పని నిలిపివేత’. తిరకాసంతా ఆ మాటలోనే ఉంది. మూసేస్తే, పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం ఇవ్వాలని చట్టం చెబుతోంది. పని ఆపామంటే మాత్రం కార్మికుడికి ఉద్యోగం ఉన్నట్టూ కాదు, పోయినట్టూ కాదు. 2017లో అంబాసిడర్ అనే పేరు ఒక్కటే 80 కోట్లకు ప్యూజో కంపెనీకి అమ్ముడైంది.

రెండోది గుజరాత్‌లోని సనంద్. దేశంలో కార్ల తయారీ ఆపేస్తామని ఫోర్డ్ 2021లో ప్రకటించింది. టాటా మోటార్స్ అనుబంధ సంస్థ 725.7 కోట్లకు ఆ ఫ్యాక్టరీని కొన్నది. స్థలం, యంత్రాలతో పాటు అర్హులైన ఉద్యోగులను తీసుకోవడం కూడా ఒప్పందంలోనే రాశారు. 2023 జనవరిలో ఫ్యాక్టరీ చేతులు మారింది.

సనంద్ కొత్త ప్లాంటు, అక్కడి యంత్రాలు పనికొచ్చాయి. ఉత్తరపారాది పాత సరుకు. ఆ తేడా నిజమే. కానీ ఒకచోట బేరంలోకి ముందు భూమి వచ్చింది, ఇంకోచోట కార్మికుడూ వచ్చాడు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబర్‌లో హిల్ట్ పాలసీ తెచ్చింది. బాలానగర్, కాటేదాన్, జీడిమెట్ల లాంటి పాత పారిశ్రామికవాడల భూముల్ని ఇళ్లకు, వ్యాపారాలకు మార్చుకోవచ్చు. కాలుష్యం తగ్గుతుందన్నది ప్రభుత్వ వాదన. మంచిదే. యజమానికి స్థలం విలువ పెరుగుతుంది, సర్కారుకు మార్పిడి ఫీజు వస్తుంది. షిఫ్టు కూలీతో ఇల్లు గడుపుకునే వెల్డర్‌కు, హెల్పర్‌కు ఏం వస్తుంది? కాంట్రాక్టు మనిషైతే రిజిస్టర్‌లో పేరు కూడా ఉండకపోవచ్చు.

అందుకే భూమార్పిడి అనుమతికి ముందే కార్మికుల బాకీలు తేల్చాలన్న షరతు కావాలి. అప్పటిదాకా అపాయింట్‌మెంట్ కాగితం, జీతం స్లిప్పులు, పీఎఫ్ నంబరు ఇంట్లో భద్రంగా పెట్టుకోవాలి. రేపు హక్కు అడగాలంటే చేతిలో రుజువు ఉండాలి.