రాబందు అనే తిట్టు

తెలుగులో రాబందు ఒక తిట్టు. భూకబ్జాదారుడు రాబందు, కాల్‌మనీ వడ్డీవాడు రాబందు. నిజానికి ఆ పక్షి ఎవరి సొమ్మూ లాక్కోదు. చచ్చిన గొడ్డును తిని ఊరిని శుభ్రం చేస్తుంది. శుభ్రం చేసేవాళ్ళ పేర్లనే తిట్లుగా వాడుకున్న భాష ఇది. మన కులాల పేర్లతో ఎన్ని తిట్లున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మనుషుల్ని పక్షులతో పోల్చడం లేదు. చూసే చూపు ఒకటే అంటున్నాను.

జీవవైవిధ్యం అనగానే మన విద్యార్థులు అది కెమెరాలున్నవాళ్ళ సరదా అనుకుంటారు. ఆ అనుమానం ఊరికే రాలేదు. పులి పేరు చెప్పి చెంచుల్ని నల్లమల ఖాళీ చేయమనడం చూస్తూనే ఉన్నాం. కానీ రాబందు కథ వేరు.

1992 నుంచి 2007 లోపు ఈ దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి. కారణం వేటగాళ్ళు కాదు, పశువుల నొప్పికి వేసే డైక్లోఫెనాక్ సూది. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన గొడ్డును తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై చచ్చిపోతుంది. 2004లో ఈ సంగతి తేలింది, 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. అప్పటికే కళేబరాలు కుళ్ళి, కుక్కలు పెరిగాయి. 2000 నుంచి 2005 దాకా ఇందువల్ల అదనంగా 5 లక్షల మంది చనిపోయారని ఆర్థికవేత్తలు ఫ్రాంక్, సుదర్శన్ లెక్క కట్టారు. గొడ్లను పడేసే చోటు ఊరి నడిమధ్య ఉండదు కదా. వాడ పక్కనే ఉంటుంది. ఆ కంపు పీల్చేదీ, ఆ కుక్కల మధ్య నుంచి బడికి నడిచేదీ ఎవరి పిల్లలు?

ఇంకో చిక్కుంది. గొడ్లెత్తే పని మానమని బాబాసాహెబ్ చెప్పారు, మానాల్సిందే. 2016లో గుజరాత్‌లోని ఊనాలో ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని కొట్టాక, అక్కడి మనవాళ్ళు ఆ పని మానేసి కళేబరాలను సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు పడేశారు. జీతం అడగని పక్షిని చంపుకున్న సమాజం ఆ పనికి మళ్ళీ మన గుమ్మం వైపే చూస్తోంది. అది పంచాయతీ పని. యంత్రాలు కొనాలి, జీతాలివ్వాలి, అన్ని కులాలవాళ్ళనీ పెట్టాలి.

తెలంగాణలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్ళు కనబడ్డాయి. అలాంటి చోట్ల చుట్టుపక్కల పశువులకు ఏ సూది వేస్తున్నారన్నదే అసలు ప్రశ్న. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా 2023లో పశువులకు నిషేధించారు. మెలోక్సికామ్ వాడొచ్చు, దానితో రాబందులు చావవు. సెలవులకు ఊరెళ్ళినప్పుడు మందుల షాపులో ఏం అమ్ముతున్నారో ఒకసారి చూసి రండి.