గుమ్మడికాయ మీద మొదటి గాటు

సూరత్ నుంచి హజీరాకు పోయే దారిలో ఇచ్ఛాపూర్ వస్తుంది. ఒకప్పటి పల్లెటూరు, నేడు వజ్రాభరణాల పారిశ్రామిక వాడకు, హజీరా కర్మాగారాలకు బారులు తీరిన లారీలకు నడుమ ఇరుక్కున్న ఊరు. పార్లమెంటు సమావేశాలు లేని వారంలో ఈ రచయిత అక్కడకు వెళ్ళినది రాజకీయం కోసం కాదు, పెళ్ళి కోసం. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చి సూరత్‌లో స్థిరపడిన పద్మశాలి మిత్రుని ఇంటి శుభకార్యమది. ఆయన చిన్న కూతురు అఖిల భారత కోటాలో సీటు తెచ్చుకుని, స్వరాష్ట్రంలో కొత్తగా వెలసిన ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో చదువుతున్నది. చదువు ఎట్లా సాగుతున్నదని అడిగాను.

“వచ్చే నెల వార్డులకు పంపుతరు పెద్దబాపూ. నేనింక సూది పట్టనే లేదు. కాలేజీల బొమ్మల గది ఉన్నది. దానికి తాళం గూడ ఉన్నది” అన్నది.

ఆ తాళం గురించే ఈ వారం లేఖ.

బొమ్మల గది అంటే పాఠకులు చిన్నచూపు చూడవద్దు. ఇంజెక్షను ఇవ్వడానికి రబ్బరు చేయి, గుండె ఆగినవానికి ఊపిరి పోయడం నేర్వడానికి నిలువెత్తు మొండెం, కాన్పు చేయడం నేర్వడానికి నమూనా కటి, కుట్లు వేయడానికి కృత్రిమ చర్మం ఉండే అభ్యాసశాల అది. 2019లో వైద్య విద్యా ప్రణాళికను మార్చినప్పుడు నైపుణ్య శిక్షణకు అందులో ప్రత్యేక స్థానం కల్పించారు. నూట యాభై సీట్ల వరకు ఉన్న కళాశాలలో ఈ శాల ఆరు వందల చదరపు మీటర్లకు తగ్గరాదని, అంతకు మించితే ఎనిమిది వందలు ఉండాలని నిబంధన కూడా వచ్చింది. వైశాల్యాన్ని కొలిచే టేపు తనిఖీ అధికారి చేతిలో ఉంటుంది. విద్యార్థి చేయి ఎంత కుదిరిందో కొలిచే టేపు ఎవరి చేతిలో ఉన్నదన్నదే ప్రశ్న.

ఇది పాశ్చాత్యుల నుంచి మనం అరువు తెచ్చుకున్న సరికొత్త విద్య అనుకుంటే పొరపాటు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో తొమ్మిదవ అధ్యాయం అచ్చంగా దీనికే కేటాయించబడింది. శాస్త్రమంతా చదివినవాడైనా చేతితో అభ్యాసం చేయనిదే చికిత్సకు తగడన్నది దాని సారాంశం. కోత పెట్టడం గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద నేర్వాలి. సిరను గుచ్చడం చచ్చిన పశువుల రక్తనాళాల మీద, తామర తూడుల మీద నేర్వాలి. కుట్టు వేయడానికి బట్ట, మెత్తని తోలు. కట్టు కట్టడానికి మనిషి ఆకారపు బొమ్మ. అన్ని శతాబ్దాల కిందట బొమ్మను శిష్యుని చేతికిచ్చిన దేశంలో ఇవాళ బొమ్మను గదిలో పెట్టి తాళం వేస్తున్నాము!

పాశ్చాత్యులు కొంత ఆలస్యంగానే మేల్కొన్నారు. పద్దెనిమిదవ శతాబ్దంలో మదామ్ దు కూద్రే అనే మంత్రసాని గుడ్డతో, తోలుతో కాన్పు బొమ్మ చేసి ఫ్రాన్సులో ఊరూరా తిరిగి పాఠం చెప్పింది. ఊపిరి పోయడం నేర్పే బొమ్మను 1960లో తయారు చేసినవాడు నార్వేలోని లేర్డల్ అనే ఆటవస్తువుల వ్యాపారి. 1975లో స్కాట్లాండులోని డండీలో హార్డెన్ అనే ఆచార్యుడు, విద్యార్థి ఏమి చెప్పగలడో కాక ఏమి చేయగలడో ఒక్కొక్క మజిలీలో నిలబెట్టి చూసే పరీక్షా పద్ధతిని ప్రకటించాడు.

పాత తరం వైద్యులు దీనిని ఒప్పుకోరు. కింగ్ జార్జి ఆసుపత్రిలోనూ, ఉస్మానియాలోనూ తాము నేర్చినది రోగి మంచం పక్కనే కాని బొమ్మల దగ్గర కాదంటారు. నిజమే. అయితే ఆనాడు ఆచార్యుడు శిష్యుని భుజం వెనుక నిలబడి ఉండేవాడు. నేడు ఒక్కొక్క తరగతికి నూట యాభై మంది. ఇంకొక మాట. ఏ రోగి చేతి మీద నేర్చారు? ప్రభుత్వ వార్డులో పడుకున్న కూలివాని చేతి మీద. ఏ చేతి మీద తొలిసారి సూది పట్టాలన్న నిర్ణయంలో ఆ చేయి గలవానికి ఓటు లేదు.

కొన్నేళ్ళ కిందట జ్వరంతో రాజధానిలోని ఒక పెద్ద ఆసుపత్రిలో చేరినప్పుడు ఒక కుర్ర డాక్టరు ఈ రచయిత చేతిని నాలుగు చోట్ల గుచ్చి, ఐదవసారి నర్సును పిలిచాడు. అతని నుదుట చెమట నా జ్వరం కంటె ఎక్కువగా ఉన్నది. అతని మీద నాకు కోపం రాలేదు. అతనికి రబ్బరు చేయి ఇవ్వనివారి మీద వచ్చింది.

బొమ్మ రోగికి బదులు కాదు. బొమ్మ ఏడవదు, భయపడదు, నీరు హరించి సిర దొరకని పసివాడు కాదు. రోగి దగ్గరకు పోకముందు ఎక్కవలసిన మెట్టు మాత్రమే అది.

ఇక పార్లమెంటు సంగతి. 2016 మార్చిలో ఆరోగ్య శాఖ స్థాయీ సంఘం తన నివేదికలో వైద్య మండలి తనిఖీలను తూర్పారబట్టింది. గోడలను, పరికరాలను లెక్కించడమే తప్ప బోధన ఎట్లున్నదో చూడడం లేదన్నది. ఆ నివేదిక పుణ్యమే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం. మండలి పోయింది, 2020 సెప్టెంబరులో కమిషన్ వచ్చింది. తనిఖీలలో లంచాల ఆరోపణలపై 2025లో సి.బి.ఐ. మళ్ళీ కేసు పెట్టవలసి వచ్చింది. పేరు మారినంత సులభంగా అలవాటు మారదు కాబోలు. పట్టభద్రులందరికీ ఉమ్మడి తుది పరీక్ష మూడేళ్ళలో పెట్టాలని చట్టం చెప్పింది. ఆ గడువూ పొడిగింపుల పాలయింది.

2023 సెప్టెంబరు 15న ఒక్కరోజే ఆంధ్రప్రదేశ్‌లో ఐదు, తెలంగాణలో తొమ్మిది ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనాయి. సంతోషించవలసిన విషయమే. విజయనగరం బిడ్డకు, ఆసిఫాబాద్ బిడ్డకు సొంత జిల్లాలో చదువు దొరికింది. కాని సభలో మన సభ్యులు అడిగే ప్రశ్నలు చూడండి: ఎన్ని కళాశాలలు, ఎన్ని సీట్లు, ఎన్ని కోట్లు. వార్డుకు పోకముందు ఎందరు విద్యార్థులు ఎన్ని గంటలు అభ్యాసశాలలో గడిపారని అడిగినవారు ఈ రచయితకు తారసపడలేదు. నక్షత్ర గుర్తు ప్రశ్నగా వేస్తే మంత్రిగారు జవాబు చెప్పక తప్పదు.

ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. ఖరీదైన బొమ్మ పాడవుతుందన్న భయంతో తాళం వేసే గుమాస్తా మనస్తత్వం పోవాలి. సాయంత్రం పూట గది తెరిచి కూర్చునే ఒక ఉద్యోగి, వంతుల వారీగా ఒక అధ్యాపకుడు కావాలి. కుట్లు నేర్వడానికి అరటితొక్క చాలు, మేకతోలు చాలు. ఆ అభ్యాసం పూర్తి చేసినట్లు గురువు చూచి సంతకం పెట్టనిదే వార్డు గుమ్మం ఎక్కనీయకూడదు.

మరునాడు బయలుదేరేటప్పుడు ఆ అమ్మాయి వాకిట్లో కుర్చీ చేతికి మగ్గం నూలు చుట్టి, ఒంటి చేత్తో కుట్టుముడి వేస్తున్నది. ముడి జారినప్పుడల్లా ఆమె నాయనమ్మ నవ్వి, తెగిన పోగు అతికే తన ముడిని చేసి చూపుతున్నది.