జనగణనలో ఇంటి చదువుకు చోటేది?

2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని దేశంలో జనాన్ని లెక్కపెట్టబోతున్నారు. పదహారేళ్ల తర్వాత జరుగుతున్న జనగణన ఇది. కులాల లెక్క గురించీ నియోజకవర్గాల పునర్విభజన గురించీ పత్రికలు రోజూ రాస్తున్నాయి, రాయాలి కూడా. ఈ వారం నేను మాత్రం ఫారంలోని ఒక చిన్న ప్రశ్న దగ్గర ఆగుతున్నాను. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటున్న అమ్మానాన్నలు ‘విద్యాసంస్థకు వెళ్తున్నారా?’ అన్న గడిలో ఏం రాయించాలి?

ఇలాంటి కుటుంబాలు హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ కనిపిస్తున్నాయి. ‘మాది హోమ్ స్కూలింగ్ అండీ’ అని చెప్పుకుంటారు. పిల్లలకు పద్నాలుగేళ్లు దాటాక జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ ద్వారానో, రాష్ట్ర ఓపెన్ స్కూల్ ద్వారానో ‘ఓపెన్ టెన్త్’ రాయిస్తారు. స్తోమత ఉన్నవాళ్లు ఐజీసీఎస్‌ఈకి ప్రైవేటుగా కట్టిస్తారు. అప్పటిదాకా చాలామంది పిల్లల పేర్లు ఏ హాజరుపట్టీలోనూ ఉండవు.

ఆ మధ్య ఉప్పల్‌లో తెలిసినవాళ్లింట్లో ఉన్నప్పుడు ఒక ఇంటింటి సర్వేకి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడొకాయన వచ్చారు. పదేళ్ల పాప నేల మీద కూర్చుని, అట్టపెట్టె కత్తిరించిన ముక్కలతో భిన్నాలు కూడుకుంటోంది. మూడు ముక్కలు పక్కపక్కన పెట్టి, నాలుగోది సరిపోక తిప్పి తిప్పి చూస్తోంది.

“పాప ఏ స్కూలమ్మా?”

“ఇంట్లోనే చదువుకుంటోంది సార్. నేనే చెప్తాను.”

“అట్ల రాయనీకి లేదమ్మా. స్కూల్ పేరు చెప్పుండ్రి. లేకుంటే డ్రాపౌట్ కిందికి పోతది.”

ఆ మాట చెవిన పడగానే వంటింట్లోంచి నానమ్మ వచ్చేసింది. “డ్రాపౌట్ ఏంది సార్, మా పిల్ల పేపరు గడగడ చదువుతది. మూల మీది స్కూల్ల ఐదో తరగతి అని రాసుకోండ్రి.” ఆయన రాసుకున్నారు. తల్లి ఏదో చెప్పబోయి ఊరుకుంది. పాప మాత్రం తలెత్తి, “నేను ఆ స్కూల్‌కి పోను కదా నానమ్మా” అంది. పాపకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ ఉపాధ్యాయుణ్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆయన చేతిలో ఉన్న కాగితంలో ఇంటి చదువుకు చోటు లేదు. పైగా జూన్ రాగానే బడిబాట పేరుతో ఇదే వీధిలో తిరిగి, బడి ఈడు పిల్లలెవరైనా ఇంట్లో ఉంటే పేరు రాయించుకుని తీసుకెళ్లాల్సింది కూడా ఆయనే. అలా గడప గడపా తిరిగిన పంతుళ్ల పుణ్యమా అనే మన రెండు రాష్ట్రాల్లో ఎందరో పిల్లలు పనిలోంచి బడిలోకి వచ్చారు. అయితే తలుపు తీసిన తల్లికి, వచ్చినాయన ఏ హోదాలో వచ్చారో తెలియదు. లెక్క రాసుకుని పోతారా, రేపు పిల్లను బడిలో వెయ్యమని మళ్లీ వస్తారా అన్న బెరుకు ఉంటుంది. అబద్ధం అక్కడ పుడుతోంది.

ఆ బెరుకు వెనక ఒక చట్టం ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షన్‌లో చెప్పింది. ఆ విధి తప్పిన తల్లిదండ్రులకు శిక్ష మాత్రం పెట్టలేదు. ఇంటి చదువు ఊసే చట్టంలో లేదు. కుదురుతుందనీ అనలేదు, కుదరదనీ అనలేదు. ఈ మౌనంలో ఉన్న కుటుంబాలు, సర్కారువాళ్లు ఎవరు వచ్చినా ఏదో ఒక బడి పేరు చెప్పి పంపేయడం క్షేమం అనుకుంటున్నాయి.

జనగణన విషయంలో ఆ భయం అక్కర్లేదు. 1948 నాటి సెన్సస్ చట్టం పదిహేనో సెక్షన్ ప్రకారం మనం ఇచ్చిన వివరాలను ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. విద్యాశాఖ ఆ ఫారం తెప్పించుకుని ‘మీ అమ్మాయి బడికి రావట్లేదట’ అని నోటీసు పంపలేదు. మరోపక్క అదే చట్టం, తెలిసినంతవరకు నిజం చెప్పడం పౌరుల బాధ్యత అంటోంది. తెలిసి తప్పు చెబితే వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంది. అంటే చట్టం దృష్టిలో ఇబ్బంది తెచ్చేది అబద్ధమే. అయితే ఈ రక్షణ జనగణనకే పరిమితం. బడి బయటి పిల్లల కోసం విద్యాశాఖ చేసే సర్వే వేరు. అక్కడ పేరు రాసుకునేదే మళ్లీ రావడానికి.

సరే, నిజం చెబుదామనుకున్న తల్లికి ఫారంలో ఏముంది? 2011 షెడ్యూలు చూడండి. చదువు మీద వరుసగా మూడు ప్రశ్నలున్నాయి. మొదటిది అక్షరాస్యత. ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వస్తే అక్షరాస్యులే. బడికి వెళ్లి ఉండాలన్న షరతు లేదు. ఎంత ఉదారమైన నిర్వచనం! రెండో ప్రశ్నకు వచ్చేసరికి ఆ ఔదార్యం ఆగిపోయింది. వెళ్తున్నవాళ్లకు బడి, కాలేజీ, వృత్తి విద్యాసంస్థ, వికలాంగుల ప్రత్యేక సంస్థ, అక్షరాస్యతా కేంద్రం, ఇతర సంస్థ అని ఉన్నాయి. వెళ్లనివాళ్లకు రెండే: ఇదివరకు వెళ్లారు, ఎప్పుడూ వెళ్లలేదు. మూడో ప్రశ్న ఇప్పటిదాకా పూర్తిచేసిన స్థాయి. ఆ జవాబులతో వేసిన పట్టికల్లో ‘స్థాయి లేని అక్షరాస్యులు’ అన్న వర్గం ఒకటుంది.

ఉప్పల్ పాపకు ఈ ఫారం ప్రకారం సరైన జవాబు: అక్షరాస్యురాలు, ఎప్పుడూ బడికి వెళ్లలేదు, స్థాయి లేదు. కొందరు ‘ఇతర సంస్థ’ అని రాయిస్తే పోలేదా అంటారు. ఇల్లు సంస్థ కాదు. తల్లి వంటగదిని విద్యాసంస్థ అని రాయించడం కూడా మూల మీది స్కూలు పేరు రాయించడం లాంటిదే.

నా బాధ ఇక్కడ మొదలవుతుంది. ‘ఎప్పుడూ బడికి వెళ్లలేదు’ అన్న గడిలో ఈ పాప పక్కన ఎవరున్నారు? కర్నూలు పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి, ఏటా మిరప కోతలకు గుంటూరు పోయే కుటుంబాల పిల్లలున్నారు. ఇంటి దగ్గర చూసే దిక్కు లేక తల్లిదండ్రులు వాళ్లనూ వెంట తీసుకుపోతారు. ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చిన కూలీల పిల్లలున్నారు. పాపకేమో ఇల్లంతా పుస్తకాలు, పక్కన కూర్చుని చెప్పే తల్లి, కావాలంటే రేపే చేర్చగల బడి. బట్టీ దగ్గరి పిల్లవాడికి ఇవేవీ లేవు. రెండు జీవితాలూ ఒకే గడిలో ఒకే అంకెగా మారుతున్నాయి. ఆ అంకె చూసి ప్రభుత్వం బడి కట్టాలి, సీజనల్ హాస్టల్ తెరవాలి, పంతుల్ని వెయ్యాలి. ఇంటి చదువు పిల్లల్ని దాంట్లో కలిపితే అవసరం ఎక్కడుందో మసకబారుతుంది. ఆ పిల్లలు ‘బడికి వెళ్తున్నాం’ అని అబద్ధం చెబితే లేని విద్యార్థి లెక్కకెక్కుతాడు. ఎలా చూసినా నష్టపోయేది ఇద్దరిలో పేదబిడ్డే.

సంఖ్య ఎంత, నాలుగు కుటుంబాల కోసం ఇంత చర్చా అంటారేమో. సంఖ్య ఎంతో చెప్పే అధికారిక లెక్క మన దగ్గర లేదు, అదే అసలు సమస్య. పాఠశాలల నుంచి తీసుకునే యూడైస్ లెక్క బడి రిజిస్టరు దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. ఏ బడిలోనూ లేని బిడ్డ అందులో కనిపించే అవకాశమే లేదు. దేశమంతటా ప్రతి గడపా తొక్కి, ప్రతి మనిషినీ అడిగేది జనగణన ఒక్కటే.

పైగా ఇంటి చదువును జనగణనలో రాసుకోవడం కొత్తగా కోరుతున్న వింత కాదు. 1891 జనగణన ఫారంలో చదువుకు మూడు మాటలుండేవి: నేర్చుకుంటున్నవారు, అక్షరాస్యులు, నిరక్షరాస్యులు. ఇంట్లో గానీ, బడిలో గానీ, కాలేజీలో గానీ చదువు చెప్పించుకుంటున్న వారందరినీ ‘నేర్చుకుంటున్నవారు’గా రాసుకోమని గణకులకు సూచన. ఇల్లు, బడి, కాలేజీ అన్న మూడూ ఒకే వాక్యంలో, అదీ ఇల్లే ముందుగా! 1901లో ఆ వర్గాన్నే తీసేశారు.

ఆ రోజుల్లో మన ఆడపిల్లల చదువు ఎక్కడ సాగిందో తలచుకుంటే ఆ సూచన విలువ తెలుస్తుంది. రచయిత్రి భండారు అచ్చమాంబ బడి మొహం ఎరగదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన చేరి నేర్చుకుంది. 1902లో ‘ధన త్రయోదశి’ కథ రాసింది. 2011 ఫారంలో అయితే ఆమె ‘ఎప్పుడూ వెళ్లలేదు, స్థాయి లేదు’.

ఇంకా వెనక్కి వెళ్తే మన్రో దొర ఉన్నాడు. దత్తమండలాల్లో కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో కన్నుమూసిన థామస్ మన్రో. 1822లో ఆయన మద్రాసు ప్రెసిడెన్సీలోని బడుల లెక్క పంపమని కలెక్టర్లందరినీ అడిగాడు. బళ్లారి నుంచి క్యాంబెల్ సహా దాదాపు అందరూ పట్టికలు పంపారు. కోటీ 28 లక్షల జనాభాకు 12,498 బడులు, లక్షా 88 వేల మంది విద్యార్థులని తేలింది. దాదాపు 68 మందికి ఒక్కరు. మన్రో ఆ అంకెతో సరిపెట్టుకోలేదు. ఇళ్లలో బంధువుల దగ్గరా, పంతుళ్లను పెట్టుకునీ నేర్చుకునేవాళ్లు ఈ పట్టికల్లో లేరని గుర్తించాడు. ఒక్క మద్రాసు పట్టణం నుంచే ఇళ్లలో నేర్చుకునేవారు దాదాపు 27 వేల మంది అని లెక్క వచ్చింది. అది అక్కడి బడుల్లో ఉన్నవాళ్లకు దాదాపు ఐదింతలు. ఆ సంఖ్యలో పొరపాటు ఉండవచ్చని కూడా 1826 మినిట్‌లో ఆయనే రాశాడు. అయినా దాన్ని పక్కకు నెట్టేయకుండా, ఇంటి చదువునూ కలుపుకుని, మగపిల్లల్లో చదువు నేర్చేవారు నాలుగో వంతు కన్నా మూడో వంతుకే దగ్గరగా ఉంటారని అంచనా కట్టాడు. బడిని మాత్రమే లెక్కపెడితే చదువు లెక్క తప్పుతుందని రెండు వందల ఏళ్ల కిందట ఒక పరాయి గవర్నరుకు తట్టింది.

ఇంటి చదువు చట్టబద్ధంగా సాగుతున్న అమెరికాలోనూ ఈ ప్రశ్న కుదురుకోవడానికి కాలం పట్టింది. అక్కడ పదేళ్లకోసారి వచ్చే ఫారంలో చదువు ప్రశ్నలు ఇప్పుడు లేవు. ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకు పంపే అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో ఉంటాయి. గత మూడు నెలల్లో బడికి వెళ్లారా అని అడిగి, ‘ప్రైవేటు బడి, ప్రైవేటు కాలేజీ, ఇంటి బడి’ మూడింటినీ ఒకే గడిలో పెట్టారు. 2008 నుంచి ఇంటి బడి మాట చేరింది. అక్కడున్న మన తెలుగు కుటుంబాలకు ఆ ఫారం వస్తే ఇంట్లో చదివించేవాళ్లు టిక్కు పెట్టాల్సింది అక్కడే. బిడ్డ చదువుతున్నట్టు నమోదవుతుంది, అది మేలు. ప్రైవేటు బడి పిల్లల్లో కలిసిపోతుంది, అది లోపం.

కోవిడ్ ఏడాదిలో సెన్సస్ బ్యూరో చేసిన మరో సర్వే ఇంకో పాఠం చెప్పింది. 2020 వసంతంలో బడి ఈడు పిల్లలున్న కుటుంబాల్లో ఇంటి చదువు సాగుతున్నవి 5.4 శాతం ఉంటే, అక్టోబరు నాటికి 11.1 శాతమయ్యాయి. నల్లజాతి కుటుంబాల్లో 3.3 నుంచి 16.1కి పెరిగింది. మధ్యలో ప్రశ్నను దిద్దారు కూడా. బడి వాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పే పాఠాలను ఇంటి చదువు అనుకోవద్దని స్పష్టంగా రాశారు. గడి పెడితే చాలదు, ఎవరు ఏమనుకుని టిక్కు పెడతారో ముందే ఆలోచించాలి. మన ఫారంలోనూ ట్యూషన్‌కు వెళ్లే బడిపిల్లల్ని, ఆరోగ్యం బాగాలేక నెల రోజులు ఇంట్లో ఉన్నవాళ్లను ఇంటి చదువు కింద రాయకుండా సూచన ఉండాలి. బాలకార్మికుణ్ని ‘ఇంట్లో చదువుతున్నాడు సార్’ అని చెప్పి తప్పించుకునే యజమానులు కూడా ఉంటారు. అందుకే ఇంటి చదువు జవాబును అక్షరాస్యత జవాబుతో పోల్చి చూడాలి.

ఈసారి జనగణన మొబైల్ యాప్‌తో జరుగుతోంది. కావాలంటే కుటుంబమే తన వివరాలు తాను నింపుకోవచ్చు. కాగితమైతే పంతులుగారు అంచున ఓ మాట రాసుకునేవారు. యాప్‌లో కోడ్ లేని జవాబుకు అంచు కూడా ఉండదు. అందుకే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయానికి నా విజ్ఞప్తి ఒక్కటే. విద్యాసంస్థ ప్రశ్నలో ‘ఇంటి వద్ద చదువుతున్నారు’ అనే కోడ్ ఒకటి చేర్చండి. అది కుదరకపోతే, ఈ పిల్లల్ని ఎలా రాయాలో గణకుల సూచనల పుస్తకంలో రెండు వాక్యాలు పెట్టండి. కోడ్ చేర్చినంత మాత్రాన ఇంటి చదువును ప్రభుత్వం సమర్థించినట్టు కాదు, ఉన్నదాన్ని ఉన్నట్టు లెక్కించినట్టు అంతే.

ఇంట్లో చదివించుకుంటున్న అమ్మలకూ నాన్నలకూ ఇంకో మాట. ఫిబ్రవరిలో జనగణన వాళ్లు వచ్చినప్పుడు మూల మీది బడి పేరు చెప్పకండి. బిడ్డకు చదవడం, రాయడం వచ్చని చెప్పండి. బడికి వెళ్లడం లేదని చెప్పండి. ఆ గడి మీకు నచ్చకపోతే ఆ సంగతి జనగణన డైరెక్టరుకు ఉత్తరం రాసి చెప్పండి, ఫారంలో మాత్రం నిజమే రాయించండి.